సెకనుకు లక్ష రూపాయలు, వారానికి 18 గంటలు

ముందు తలల లెక్క. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 11,26,690 మంది. అంతమంది అంతకుముందు ఎన్నడూ లేరు. అందులో భారతీయులు 3,31,602. చైనావాళ్లు 2,77,398. దాదాపు పదిహేనేళ్ల తర్వాత చైనాను వెనక్కి నెట్టి మళ్లీ మనమే ఫస్టు. 2011 జనాభా లెక్కల్లో నిజామాబాద్ నగర జనం 3.11 లక్షలు. చంటిపిల్లలు, ముసలివాళ్లతో సహా ఊరంతా ఇంటికి తాళం వేసి విమానమెక్కినా ఈ అంకెకు ఇంకో ఇరవై వేలు తక్కువే!

ఇక బిల్లు. ఆ ఒక్క ఏడాదిలో వీళ్లు అమెరికాలో పెట్టిన ఖర్చు 4,380 కోట్ల డాలర్లని అక్కడి అంతర్జాతీయ విద్యా సంఘం నాఫ్సా లెక్కగట్టింది. ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి. మన డబ్బులో మూడున్నర లక్షల కోట్ల పైమాటే. తెలంగాణ 2024-25 బడ్జెట్ మొత్తం 2.91 లక్షల కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది 2.94 లక్షల కోట్లు. అంటే ఒక రాష్ట్రాన్ని ఏడాది పాటు నడిపి కొంత మిగుల్చుకోవచ్చు. సెకనుకు 1,388 డాలర్లు, రూపాయల్లో లక్షకు పైనే. ఈ పేరా చదవడం పూర్తయ్యేలోపు కొన్ని పదుల లక్షలు ఖర్చయిపోయాయి. మొత్తాన్ని వంద డాలర్ల నోట్లుగా మార్చి ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఎత్తు 47 కిలోమీటర్ల పైమాటే. 20 మీటర్ల తాడిచెట్లయితే రెండువేల మూడువందలకు పైగా నిలువునా నిలబెట్టాలి.

దీని పక్కనే ఇంకో రికార్డు. ఆ ఖర్చు నిలబెట్టిన ఉద్యోగాలు 3,78,175. ముగ్గురు విదేశీ విద్యార్థులు వస్తే ఒక స్థానికుడికి పని దొరికినట్టు. అదీ అమెరికా కాలేజీ విద్యార్థుల్లో వీళ్ల వాటా వందకు ఆరుగురే అయినప్పుడు!

ఒక్క యూనివర్సిటీలో కిరీటం ఎవరిదంటే న్యూయార్క్ యూనివర్సిటీది. అదే ఏడాది అక్కడ విదేశీ విద్యార్థులు 27 వేల పైచిలుకు.

ఆస్ట్రేలియాలో లెక్క ఇంకా విచిత్రం. ఆ దేశ ఎగుమతుల్లో ముందు వరసలో ఉండేవి ఇనుప ఖనిజం, బొగ్గు, సహజవాయువు. వాటి వెనకే చదువు. మొదటి మూడూ భూమిని తవ్వి తీసేవి. నాలుగోదానికి తవ్వకం లేదు, ఓడ లేదు. కొనుగోలుదారే టికెట్ కొనుక్కుని సరుకు దగ్గరికి వస్తాడు.

ప్రపంచం మొత్తమ్మీద పరాయి దేశంలో చదివేవాళ్లు 2000లో 20 లక్షల చిల్లర. యునెస్కో లెక్కల్లో 2022 నాటికి దాదాపు 69 లక్షలు. రెండు దశాబ్దాల్లో మూడింతలు.

డాలర్ల లెక్క పేపర్లో పెద్దక్షరాల్లో వస్తుంది. నన్నడిగితే అసలు వింతలన్నీ దానికి ముందుండే చిన్న గదిలో ఉన్నాయి. భాష రానివాడు భాష నేర్చుకునే గది అది.

ఆ గదుల్లో పాతవాటి జాబితా తీస్తే చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ ముందుంటాడు. క్రీ.శ. 671లో ఓడెక్కాడు. గమ్యం నలందా. కానీ తిన్నగా నలందాకు పోలేదు. సుమత్రా దీవిలోని శ్రీవిజయలో ఆరు నెలలాగి సంస్కృత వ్యాకరణం పట్టాడు. బెంగాల్ తీరంలోని తామ్రలిప్తికి వచ్చి ఇంకో ఏడాది అదే పని. ఆ తర్వాతే నలందా, అక్కడ పదేళ్లు. తన వెనక వచ్చే చైనా భిక్షువులకు రాసిపెట్టిన సలహా కూడా అదే: ముందు శ్రీవిజయలో ఒకటి రెండేళ్లు ఉండి సిద్ధమై, తర్వాత వెళ్లండి. నేటి యూనివర్సిటీలు ‘ముందు ఇంగ్లిష్ కోర్సు పూర్తిచెయ్యి, తర్వాత సీటు’ అంటూ ఇచ్చే కండిషనల్ అడ్మిషన్‌కు పదమూడున్నర శతాబ్దాల వయసన్నమాట.

తెలుగు నేల మీదా ఈ రికార్డు ఉంది. అదే 7వ శతాబ్దిలో, ఇత్సింగ్‌కు ముందే, మరో చైనా భిక్షువు హ్యుయాన్ త్సాంగ్ ధాన్యకటక రాజ్యంలో కొన్ని నెలలాగి ఇద్దరు స్థానిక భిక్షువుల దగ్గర అభిధర్మ పాఠం చెప్పించుకున్నాడు. బదులుగా వాళ్లకు మహాయాన గ్రంథాలు చెప్పాడు. ఫీజుకు ఫీజు చెల్లు! అంతకన్నా నాలుగు వందల ఏళ్ల ముందే ఇక్ష్వాకుల నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. సిలోన్ నుంచి వచ్చే భిక్షువుల బస అది. ఫారిన్ స్టూడెంట్స్ హాస్టల్ అని ఇప్పుడు బోర్డు పెట్టినా తప్పు లేదు.

ఆక్స్‌ఫర్డ్‌కు పేరు తెలిసిన తొలి విదేశీ విద్యార్థి ఫ్రీస్‌ల్యాండ్ నుంచి వచ్చిన ఎమో. ఏడాది 1190. నాగార్జునకొండ ముందు కుర్రాడే.

చిన్న వయసు కిరీటం 120 మంది చైనా బాలురది. 1854లో యేల్‌లో పట్టా పుచ్చుకున్న యుంగ్ వింగ్ అమెరికా కాలేజీలో పట్టభద్రుడైన తొలి చైనీయుడు. తన తర్వాతివాళ్ల కోసం చైనా ప్రభుత్వం వెంటపడి ఒప్పించాడు. 1872 నుంచి ఏటా 30 మంది చొప్పున నాలుగు విడతలు, వయసు సుమారు 10 నుంచి 16. ఇంగ్లిష్ తొందరగా పట్టుబడాలని ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని న్యూ ఇంగ్లండ్ ఇళ్లలో ఉంచారు. పట్టుబడింది, అనుకున్నదానికన్నా ఎక్కువే. బేస్‌బాల్ టీము పెట్టారు, కొందరు జడలు కత్తిరించుకున్నారు. ఇంటి దగ్గర పెద్దలు హడలిపోయారు. 15 ఏళ్లనుకున్న పథకాన్ని తొమ్మిదేళ్లకే చుట్టేసి 1881లో వెనక్కి పిలిపించారు. అలా వెనక్కి వచ్చినవాళ్లలో ఒకరు బీజింగ్-జాంగ్‌జియాకౌ రైలుమార్గం కట్టిన జాన్ తియన్యో. ఇంకొకరు 1912లో చైనా రిపబ్లిక్ తొలి ప్రధాని టాంగ్ షావోయి. సగంలో ఆపేసిన కోర్సుకు ఇంత ఫలితం మరెక్కడా రాలేదేమో.

కఠినమైన పరీక్ష అంటే 1913లో కేంబ్రిడ్జ్ పెట్టినదే. ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష, మొదటిసారి. 12 గంటల పాటు వ్యాసం, అనువాదం, ఉచ్చారణ శాస్త్రం, డిక్టేషన్, బిగ్గరగా చదవడం, సంభాషణ. రాసింది ముగ్గురు. తప్పింది ముగ్గురూ! ఉత్తీర్ణత సున్నా శాతం, ఈ రికార్డును కొట్టడం ఎవరితరమూ కాదు. ఏడాది తిరిగేసరికి పదిమందిలో నలుగురు గట్టెక్కారు.

ఆ 12 గంటలు ఎలా కుదించుకుపోయాయో చూడండి. ఐఈఎల్‌టీఎస్ 2 గంటల 45 నిమిషాలు. టోఫెల్ 2023 జూలైలో రెండు గంటలకు దిగింది. డ్యులింగో ఇంట్లో కూర్చుని గంట. 1964లో మొదలైన టోఫెల్‌ను ఇప్పటిదాకా రాసినవాళ్లు మూడున్నర కోట్ల పైమాటే. తెలంగాణ జనాభాకు దగ్గర దగ్గర.

అన్నిటికన్నా పొడుగైన రెండు నిమిషాలు మాత్రం ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ రెండో భాగంలో ఉంటాయి. ఎగ్జామినర్ ఒక కార్డు, పెన్సిలు, కాగితం ఇస్తారు. ‘మీరు చూసిన ఒక పాత కట్టడం గురించి చెప్పండి.’ ఆలోచనకు ఒక నిమిషం, మాట్లాడ్డానికి రెండు. అమీర్‌పేట కోచింగుల్లో దీని రిహార్సల్ చూడాలి. గోల్కొండ గురించి తెలుగులో అరగంట దంచగల కుర్రాడు చప్పట్ల శబ్దం, ఫతే దర్వాజా రెండూ చెప్పేసి 40 సెకన్లలో ఖాళీ. మిగతా 80 సెకన్లు ఫ్యాను చప్పుడు. వ్యాకరణం తప్పలేదు, మాట అయిపోయింది. ఐఈపీ అని ముద్దుగా పిలిచే ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం పుట్టింది సరిగ్గా ఈ 80 సెకన్ల కోసమే.

అమెరికాలో ఆ తరహా సంస్థల్లో మొదటిది మిషిగన్ యూనివర్సిటీలో, 1941లో. పెట్టినవాడు భాషావేత్త చార్లెస్ ఫ్రీజ్. తొలి విద్యార్థులు లాటిన్ అమెరికా నుంచి. పద్ధతి చాలా సులువు: విను, అను, మళ్లీ అను, నిద్రలో లేపినా వచ్చేదాకా అను.

గంటల్లో ఛాంపియన్ కూడా ఈ గదే. అమెరికా ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చేసేవాడు సెమిస్టర్‌కు సాధారణంగా 9 క్రెడిట్లు తీసుకుంటాడు, వారానికి సుమారు 9 గంటల క్లాసు. అదే వీసా మీద భాష నేర్చుకునేవాడికి కనీసం 18 గంటలు కూర్చోవాలన్నది చట్టం. ల్యాబు ఎక్కువైతే 22. ఆస్ట్రేలియాలో 20. పని రెట్టింపు, బహుమతి సున్నా: డిగ్రీవాడికి చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగైతే 36 నెలల దాకా ఉద్యోగం చేసుకునే వీలుంటే, భాషా కోర్సువాడికి ఒక్క రోజు కూడా లేదు. పైగా 2010 నాటి చట్టంతో గుర్తింపు లేని భాషా సంస్థలకు ఎఫ్-1 విద్యార్థులను తీసుకునే అర్హతే పోయింది. అంత చిన్న గదికి అంత కాపలా!

క్రమశిక్షణలో మాత్రం అమెరికా పనికిరాదు. ఫిలిప్పీన్స్‌లోని బాగియో కొండల మీద ‘స్పార్టా’ బళ్లున్నాయి. ఎక్కువగా కొరియన్ల కోసం వెలిసినవి. పొద్దున్నే మాటల పరీక్ష, పగలంతా ఒక్కొక్కరికీ ఒక టీచరు, రాత్రి స్టడీ అవర్. సోమవారం నుంచి శుక్రవారం దాకా గేటు దాటకూడదు. సొంత భాషలో మాట్లాడితే జరిమానా. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్లు దీన్ని విని ‘శని, ఆదివారాలు వదులుతారా?’ అని ఆశ్చర్యపోతారు.

చిట్టి దేశం, గట్టి తరగతి: మాల్టా. విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు, 2024 నాటి హైదరాబాద్ మహానగరంలో సగం. 2018లో అక్కడికి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు 87 వేలు, దేశ జనాభా ఐదు లక్షల లోపు. ప్రతి అయిదారుగురు పౌరులకూ ఒక విద్యార్థి! అయితే చాలామంది రెండు మూడు వారాలు సముద్రపు గాలితో కలిపి నేర్చుకుని పోయే బాపతు.

పెరగడం, పడిపోవడం రెండింటిలోనూ ఒకే పేరు, సౌదీ అరేబియా. 2005లో రాజు అబ్దుల్లా పేరిట స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి, ముందు ఏడాది భాషకు కూడా ఖర్చు ఖజానాదే. బ్రెజిల్ 2011లో లక్ష స్కాలర్‌షిప్పుల లక్ష్యంతో పిల్లల్ని పంపింది. చాలామందికి ఇంగ్లిష్ చాలకపోవడంతో వాళ్లూ ముందు ఈ గదికే వచ్చారు. 2015లో అమెరికా ఐఈపీల్లో 1.3 లక్షల మందికి పైగా ఉన్నారు. 2016లో సౌదీ చెయ్యి బిగించింది, బ్రెజిల్ పథకం మూతపడింది, ఆపై కరోనా. 2020 నాటికి సగం కూడా మిగల్లేదు. ఒక రాజుగారి సంతకంతో మిడ్‌వెస్ట్‌లో ఇంగ్లిష్ మాస్టారి ఉద్యోగం పోయింది.

పైసా ఖర్చు లేని పెట్టుబడి 1909లో పెట్టారు. కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద హ్యారీ ఎడ్మండ్స్ అనే ఆయన ఎదురొచ్చిన చైనా విద్యార్థికి ‘గుడ్ మార్నింగ్’ చెప్పాడు. కుర్రాడు ఆగాడు. న్యూయార్క్ వచ్చి మూడు వారాలైందనీ, తనతో మాట్లాడిన మొదటి మనిషి మీరేననీ అన్నాడు. ఎడ్మండ్స్‌కు అది నిద్రపట్టనివ్వలేదు. ఆదివారాలు విద్యార్థుల్ని ఇంటికి పిలవడం మొదలుపెట్టాడు, రాక్‌ఫెల్లర్ డబ్బు తోడైంది, 1924లో న్యూయార్క్ ఇంటర్నేషనల్ హౌస్ లేచింది. ఆ తర్వాత బర్క్‌లీ, షికాగోల్లోనూ.

పెద్ద చెవి కవచాలు కొన్న విద్యార్థి కోఫీ అన్నన్. ఘనా నుంచి 1959లో మిన్నెసోటాలోని మెకలెస్టర్ కాలేజీకి వచ్చాడు. చెవులకు పెట్టుకునే ఆ బొచ్చు ముక్కలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని పంతం పట్టాడు. ఒక్క చలిపూట చెవులు ఊడిపోతాయనిపించి, దుకాణంలో ఉన్నవాటిలో పెద్దవి వెతికి కొన్నాడు. ఈ కథ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అయ్యాక కూడా ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

విలువైన విమానం 1959 సెప్టెంబర్‌లో నైరోబీ నుంచి న్యూయార్క్ వెళ్లింది. సీట్లలో 81 మంది కెన్యా విద్యార్థులు. నాయకుడు టామ్ మ్బోయా, తర్వాత డబ్బు సాయంలో కెనెడీ కుటుంబం. నాలుగేళ్లలో దాదాపు 800 మంది. 1960 బృందంలో కాన్సస్‌లోని చిన్న కాలేజీకి చేరిన అమ్మాయి వంగారి మాథాయ్. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికా మహిళ.

పలుకుబడి కొలిచే కొలబద్ద కూడా ఉంది. బ్రిటన్‌లోని ఉన్నత విద్యా విధాన సంస్థ హెపీ 2024 లెక్కలో, పదవిలో ఉన్న దేశాధినేతల్లో అమెరికాలో చదివిన విదేశీయులు 70 మంది, బ్రిటన్‌లో చదివినవాళ్లు 58. ఇక వ్యాపారం: వంద కోట్ల డాలర్ల విలువ దాటిన 582 అమెరికా స్టార్టప్‌లను 2022లో పరిశీలిస్తే 143 కంపెనీల స్థాపకుల్లో ఒకప్పటి విదేశీ విద్యార్థి ఉన్నాడు. నాలుగింట ఒకటి.

మనవాళ్ల దగ్గరికొద్దాం. తక్కువ జీతం నుంచి ఎక్కువ ప్రాణాల దాకా వెళ్లిన రికార్డు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. 1920ల తొలినాళ్లలో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం బోస్టన్ చేరాడు. మద్రాసులో చదివిన వైద్యం అక్కడ చెల్లలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరు పని, రోగుల బెడ్‌పాన్లు తీయడం. పగలు ల్యాబు. కండరం కదలడానికి వెనకున్న ఏటీపీని తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి గుర్తించింది ఆ ల్యాబులోనే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధన నుంచి వచ్చినవి ఫోలిక్ ఆమ్లం తయారీ, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్, బోదకాలుకు హెట్రజాన్. ఆ హెట్రజానే డీఈసీ. ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి, వయసును బట్టి ఒకటో రెండో మూడో మాత్రలు అరచేతిలో పోసి, కళ్లెదుటే మింగించి, వేలిమీద గుర్తు పెట్టి వెళ్తుందే, అది. ఒక విదేశీ విద్యార్థి విలువను ఏ డాలర్ల పట్టికలో వెయ్యాలి?

మాటకు ఛాంపియన్ రాజ్‌రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్, 1966లో స్టాన్‌ఫర్డ్ పీహెచ్‌డీ. రెండు ఖండాల్లో విదేశీ విద్యార్థి. తన మాట ఎదుటివాడికి అర్థమవడమే గగనమయ్యే కాలంలో ఆయన కంప్యూటర్‌కు మనిషి మాట అర్థం చేయించే పని పట్టాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు, ఆసియా మూలాలున్నవారికి అదే మొదటిది. 1988లో విస్కాన్సిన్-మిల్వాకీలో ఎమ్మెస్‌కు చేరిన హైదరాబాదీ సత్య నాదెళ్ల సంగతి ఇంటింటా తెలిసిందే, వదిలేద్దాం.

అమెరికాలో 2010-17 మధ్య అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష మనదే. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారు. అమెరికాలోని భారతీయ విద్యార్థుల్లో 56 శాతం తెలుగు రాష్ట్రాలవాళ్లేనని హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ అధికారులు 2024లో చెప్పారు: తెలంగాణ 34, ఆంధ్రప్రదేశ్ 22. ఆ కాన్సులేట్‌కు 2023లో నానక్‌రామ్‌గూడలో తెరిచిన కొత్త భవనం ఖరీదు 34 కోట్ల డాలర్లు. దానికి అటు చిలుకూరులో, వీసా బాలాజీ గుడిలో ఖర్చు లేని లెక్క: మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. ఇంటర్వ్యూ మాత్రం మూడు నిమిషాలు.

ఇంగ్లిష్ మీడియంలో బీటెక్ చేసిన మనవాళ్లకు ఐఈపీ గది పెద్దగా పరిచయం లేదు. దాని పక్కగది మాత్రం చాలామంది చూశారు. ఫీజు మాఫీ కావాలంటే టీచింగ్ అసిస్టెంట్ పని దొరకాలి, ఆ పనికి ముందు నోటి పరీక్ష. బోర్డు ముందు పది నిమిషాలు ఒక చిన్న పాఠం చెప్పాలి, వెనక బెంచీలో భాషా టీచర్లు మార్కులు వేస్తారు. కోడింగులో కొమ్ములు తిరిగినవాడు కూడా ఇక్కడ ‘మెల్లగా మాట్లాడు’ అన్న ఒక్క రిమార్కుతో సెమిస్టర్ పాటు ఉచ్చారణ క్లాసుకు వెళ్లాల్సి రావచ్చు. వేగంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు మరి.

పతనాల్లో పెద్దది 2020-21లో: అమెరికాలో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు దాదాపు 46 శాతం తగ్గారు. అది కరోనా చేసిన పని. 2025లో వేసవికి ముందు వీసా ఇంటర్వ్యూలు కొన్ని వారాలు ఆగాయి, ఆకురాలు కాలానికి కొత్తవాళ్లు 17 శాతం తగ్గారు. ఈసారి వైరస్ ఏదీ లేదు.

ఎదురు దిశలో నడిచే రికార్డుకు మాత్రం చిరునామా తార్నాక. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై ఇప్పుడు ఇఫ్లూగా పిలిపించుకుంటున్న కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మధ్య ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా దేశాల అధికారులు, జర్నలిస్టులు, టీచర్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వస్తారు. 1964లో మొదలైన భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద కోర్సు ఫీజు, విమానం టికెట్, బస, చేతిఖర్చు అన్నీ మనవే. ఉజ్బెక్, స్పానిష్, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని మనూరి ఇంగ్లిష్ పట్టుకుని వెళ్తారు, కొందరు దాంతోపాటు ‘నక్కో’, ‘హౌ’ కూడా.